పండుగపూట ఖాళీ చెయ్యి

మా నవాబుపేట వైపు దసరా అంటే యాట కూర, జమ్మి ఆకు, పాలపిట్ట. ఈ మూడింటి గురించి టీవీ వాళ్ళూ చెప్తారు, పత్రికల వాళ్ళూ రాస్తారు. నాలుగోది ఇంకొకటుంది. దాని గురించి ఆడవాళ్ళం వంటింట్లోనే, అదీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. ఇంటికొచ్చిన చుట్టాలకు ఏం పొయ్యాలి? ఎవరికి పొయ్యాలి? ఎంతదాకా పొయ్యాలి? సీసా తెచ్చేది మగవాళ్ళే. కానీ ఆ రాత్రి ఎవరు అలిగారు, ఎవరు అరిచారు, ఎవరు అన్నం ముట్టకుండా పడుకున్నారు అన్న లెక్కంతా మిగిలేది మనకే. అందుకే ఈసారి ఆ మాటే రాస్తున్నాను.

పోయిన దసరా, అంటే 2025లో, అక్టోబర్ 2న వచ్చింది. గాంధీ జయంతి. వైన్ షాపులన్నీ బంద్. హైదరాబాద్‌లో అయితే మాంసం దుకాణాలు కూడా మూసెయ్యమన్నారు. మేం ముందురోజు సాయంత్రమే కూర పోగు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. మా ఆయన వికారాబాద్ వెళ్ళి మందు తెస్తానన్నాడు గానీ పొలం పని తెమలలేదు. తెల్లారితే ఇంటినిండా చుట్టాలు, ఇంట్లో చుక్క లేదు. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ కొడుకు డాలస్ నుంచి తెచ్చిన సీసా బయటికి తీశాడు.

"అత్తా, ఇది మెస్కాల్. మెక్సికోది. రేపు అందరికీ కాక్‌టెయిల్స్ నేనే చేస్త" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి మా తోడికోడలు ఫోన్ చేసింది. వాళ్ళు శంకర్‌పల్లిలో ఉంటారు. పిల్లల సంగతి అడిగింది, బతుకమ్మ ఫొటోలు బాగొచ్చాయంది, తర్వాత కాసేపు ఊరుకుంది. ఆఖరికి అడిగింది.

"అక్కా, రేపు మేం రాకుంటే నడుస్తదా?"

ఎందుకని నేను అడగలేదు. మా మరిదికి 2023లో పచ్చకామెర్లు ముదిరి ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. లివర్ దెబ్బతిన్నదని, ఇక చుక్క కూడా ముట్టొద్దని డాక్టర్లు చెప్పారు. అప్పటి నుంచి ముట్టలేదు. అది ఎంత కష్టమో దగ్గరుండి చూసినవాళ్ళకే తెలుసు. ఆ రెండేళ్ళలో వాళ్ళు ఎన్ని పెళ్ళిళ్ళకు పోలేదో, ఎన్ని బోనాల దావత్‌లకు "పిల్లలకు పరీక్షలున్నయి" అని చెప్పారో నాకు తెలుసు. ఆమె భయపడేది సీసాకు కాదు, మనుషులకు. "ఏం గాదు తియ్యి, ఒక్కటే" అనే మనుషులకు.

"మీరు రాకుంటే నేను జమ్మి ఎవరి చేతిల పెట్టాలె? పొద్దుగాల్నే రా, గారెలు నువ్వే చెయ్యాలె" అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఏం చేస్తే ఆ నలుగురూ మా ఇంట్లో నిమ్మళంగా కూర్చొని అన్నం తింటారు?

పండుగకు మందు అసలే వద్దని చెప్పడం సులువు. కానీ మా ఇంట్లో అది నిజం కాదు. మా అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. ఆమె చిన్నప్పుడు పండుగ కల్లు అంటే ఇంటిల్లిపాదికీ. గౌడ్ మామ లొట్టి దించి తెస్తే, తాటి రేక మడిచి పట్టుకొని ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ అందరూ తాగేవాళ్ళట. ముందు పోచమ్మకు కల్లు సాక పోసి, తర్వాతే మనుషులకు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి గాటెక్కుతుంది. కల్లు నిలవ ఉండదు కాబట్టి ఎవరూ దాచుకొని రోజంతా తాగలేరు. తాటి చెట్టే ఒక హద్దు పెట్టింది అంటుంది అత్తమ్మ.

ఆ హద్దు ఎప్పుడో పోయింది. చెట్టు నుంచి వచ్చేది తక్కువ, డిపోలో అమ్మేది ఎక్కువ. మధ్యలో కలిసేది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. నిద్రమాత్రల మందులు ఇవి. 2021 జనవరిలో మా నవాబుపేట, వికారాబాద్ మండలాల పల్లెల్లోనే కల్లు తాగి వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, ముసలివాళ్ళూ ఉన్నారు. ఆ వారమంతా ఊళ్ళో అంబులెన్స్ మోత వినపడితే చాలు గుండె దడదడలాడేది. 2025 జులైలో హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు మనుషుల ప్రాణాలే తీసింది. అందుకే మా ఇంట్లో ఐదేళ్ళుగా ఒకటే మాట. ఏ చెట్టుదో, ఎవరు దించారో తెలియని కల్లు గడప దాటి లోపలికి రాదు. పాపం, నిజాయితీగా చెట్టెక్కి దించే గౌడన్నలకు కూడా దీనివల్లే చెడ్డపేరు.

ఇక సారా సంగతి. మన అమ్మల తరానికి అది వేరే కథ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి పోయినప్పటి నుంచి మొదలైన మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఆడవాళ్ళు పోరాడింది పండుగపూట పోసే సాక మీద కాదు. కూలి డబ్బులు ఇంటికి చేరకుండా మింగేసే దుకాణం మీద. రెండూ ఒకటి కావు. కానీ రెండింటి మధ్య దూరం ఎంత చిన్నదో మా తోడికోడలికి తెలుసు. అలాంటి ఆడవాళ్ళు ప్రతి చుట్టరికంలో ఒకరైనా ఉంటారు.

సరే, ఆ మెస్కాల్ ఏమిటో చూద్దామని పొద్దున్నే మా మేనల్లుణ్ణి అడిగాను. వాడు చెప్పినవి, తర్వాత నేను చదువుకున్నవి కలిపి రాస్తున్నాను. దీని తల్లి మనకు కొత్త మొక్కేమీ కాదు. మన కిత్తనార జాతే. రైలు కట్టల పక్కన, చెలకల గట్ల మీద ముళ్ళ కత్తుల్లా లేచి ఉంటుంది చూడండి, అదే. మనవాళ్ళు దాని నారతో తాళ్ళు పేనారు, కంచెగా నాటారు. మెక్సికో వాళ్ళు దాన్ని ఏడెనిమిదేళ్ళు, కొన్ని రకాలైతే ఇంకా ఎక్కువే పెంచి, ఆకులన్నీ నరికేసి, నడుమ ఉన్న గడ్డలాంటి భాగాన్ని తవ్వి తీస్తారు. అది అనాసపండు ఆకారంలో ఉంటుంది, అందుకే దాన్ని అనాస అనే పిలుస్తారు. నేలలో గుంత తవ్వి, రాళ్ళు పేర్చి, కట్టెలతో కాల్చి, ఆ ఎర్రని రాళ్ళ మీద ఈ గడ్డలు వేసి, మట్టి కప్పేసి కొన్ని రోజులు మగ్గబెడతారు. తర్వాత రాతి చక్రం కింద నలిపి, పులియబెట్టి, బట్టీ పెడతారు. ఆ గుంత పొగంతా మందులోకి దిగుతుంది. వహాకా అనే రాష్ట్రం దీనికి పేరుపొందింది. మనం వినే టకీలా కూడా ఈ కుటుంబమే, కాకపోతే అది నీలి రంగు కిత్తనార ఒక్కదాంతోనే చేస్తారు.

అదే మొక్క నుంచి వాళ్ళు పుల్కే అని ఇంకొకటి తీస్తారు. దాని నడుమ తొలిచి, ఊరే తియ్యని నీళ్ళు తీసి పులియబెడతారు. అది నిలవ ఉండదు, తెల్లగా నురుగు కడుతుంది. అంటే మన కల్లుకు అక్కచెల్లెలు. మెస్కాల్ మటుకు ఆదిలాబాద్ వైపు ఇప్పసారాకు చుట్టం. ఇంకో సంగతి. మన దక్కన్ నేలలో పెరిగే కిత్తనార నుంచే ఇలాంటి మందును డెస్మండ్ నజరెత్ అనే ఆయన ఆంధ్రప్రదేశ్‌లో తయారుచేయించి 2011లో అమ్మకానికి తెచ్చారు. మన గట్టు మీద ముళ్ళకంప ఇంత దూరం పోయిందన్నమాట.

వాడు సంబరంగా చెప్తుంటే విన్నాను. తర్వాత అడిగాను. "బిడ్డా, ఆ సీసా ముందు నా చేతికియ్యి."

వాడి మొహం చిన్నబోయింది. "అత్తా, అక్కడ పార్టీల అందరు తాగుతరు. ఎవరి కంట్రోల్ వాళ్ళకుంటది."

"అక్కడ పార్టీ అయినంక ఎవరింటికి వాళ్ళు పోతరు. ఇక్కడ అందరం ఒక్క ఇంట్లనే పండుకుంటం. మీ చిన్నమామ సంగతి నీకెరికేనా?"

వాడికి పచ్చకామెర్లని తెలుసు గానీ మిగతాది తెలియదు. ఫోన్లలో అంతా చెప్పుకోం కదా. చెప్పాను. కాసేపు గోడకేసి చూస్తూ ఊరుకున్నాడు. "అయితే సీసా తియ్యనే తియ్యను" అన్నాడు. వద్దన్నాను. ఎందుకంటే మందు దాచేస్తే మా మరిదికి అర్థమైపోతుంది, తన మూలానే పండుగ ఆగిందని. అది ఇంకా పెద్ద శిక్ష. అదీగాక పోయిన బోనాలప్పుడు అతను నాతో అన్న మాటొకటి గుర్తుంది. "వదినె, మందు చూస్తే ఇప్పుడు పానం గుంజదు. నా చెయ్యి ఖాళీగుంటది సూడు, అందరు ఆ చెయ్యి దిక్కే సూస్తరు. గదే తట్టుకోలేను."

నేను ఆ ఖాళీ చెయ్యి సంగతి చూసుకోవాలి. అంతే.

ముందు లెక్క రాసుకున్నాను. మొత్తం పదిహేడు మందిమి. పిల్లలు నలుగురు, బండి నడపాల్సినవాళ్ళు ముగ్గురు, తాగని ఆడవాళ్ళం ముగ్గురం, మా మరిది. అంటే తాగనివాళ్ళు పదకొండు మంది, తాగేవాళ్ళు ఆరుగురే! ఎప్పుడూ ఆరుగురి కోసం ఇంటి వంటంతా తిరుగుతుంది గానీ ఈ లెక్క నేను ఏనాడూ కాగితం మీద పెట్టి చూడలేదు. అందుకే ముందు తయారు చేయాల్సింది పదకొండు మందిది. మందు దాని పక్కన ఒక చెంచా.

పావుకిలో చింతపండు కడిగి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి గుజ్జు తీశాను. అరకిలో బెల్లం కరగబెట్టి వడగట్టాను. రెండూ కలిపి నాలుగు లీటర్ల నీళ్ళు, వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు, చిటికెడు మిరియాల పొడి, ఐదు నిమ్మకాయల రసం. పచ్చిపులుసు చేసే చేతికి ఇది నేర్పక్కర్లేదు. కుండలో పోసి తడిగుడ్డ చుట్టి పెట్టాను. అదే అందరికీ మూలం. గ్లాసులు కూడా అందరికీ ఒకే రకం, పెళ్ళిలో వచ్చిన గాజు గ్లాసులు. మందు కలిపే గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది ఉప్పు కారం అద్దమన్నాను. మెక్సికోలో కూడా అలాగే చేస్తారట. ఉత్త చింతపండు షర్బత్‌కు పుదీనా రెమ్మ. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే, దగ్గర నుంచి చూస్తే పొరపాటు పడే వీల్లేదు. మందు కలిపే చోటు పెరట్లో, షర్బత్ కుండ వసారాలో. ఒక చోటి గంటె, ఇంకో చోటికి పోకూడదు. లివర్ చెడినవాళ్ళకు "కొంచెమే కలిసింది" అనే మాట ఉండదు కాబట్టి ఇక్కడ మాత్రం నేను మొండిదాన్నే.

కొలత కూడా నేనే ఇచ్చాను. 30 మిల్లీలీటర్ల దగ్గుమందు మూత. మనిషికి రెండు మూతలు, అదీ అన్నం ముందు గుడాలు, గారెలు తిన్నాక. మెస్కాల్ సీసా మీద 45 శాతం అని ఉంది. కల్లు పులిసినా ఐదు శాతం అటూ ఇటూ. అంటే ఆ చిన్న మూత ఇంచుమించు పావు లీటరు కల్లుతో సమానం. ఈ లెక్క చెప్తే మా ఆయన నోరు తెరిచాడు. "మరి గింతేనా" అన్న మాట మళ్ళీ అనలేదు. సాయంత్రం బండి నడిపేవాళ్ళ తాళాలు దేవుడి గూట్లో పెట్టాను. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, అది పోలీసుల లెక్క. నా లెక్కలో నడిపేవాళ్ళకు సున్నా.

ఇంకో షరతు కూడా పెట్టాను. తాగినవాళ్ళే గ్లాసులు కడగాలి. దానికి మా ఆడబిడ్డ పకపకా నవ్వింది. "నలభై ఏండ్ల సంది గీ మాట ఎవ్వలూ అనలే" అంది.

పదకొండున్నరకు అందరూ చేరారు. మా మేనల్లుడు మొదటి గ్లాసు కలిపి వాళ్ళ అమ్మమ్మకే ఇచ్చాడు. ఆమె వాసన చూసి మొహం ముడిచింది. "గిదేం మందు పోరడా, మండే పొయ్యిల నీళ్ళు పోసినట్టుంది" అంది. లేచి జామచెట్టు మొదట్లో రెండు చుక్కలు వదిలి దండం పెట్టి, ఒక గుక్క మింగింది. ఇంకో గుక్క. "మంచిగనే ఉంది, కని మా కల్లుకు సరిరాదు" అని తీర్పు చెప్పి గ్లాసు కిందపెట్టింది. మా ఆడబిడ్డ కూడా ఒకటి తీసుకుంది. చాటుగా వంటింట్లో కాదు, అరుగు మీద కూర్చొని. తాటి రేకలో తాగిన తల్లి బిడ్డ, గాజు గ్లాసు దగ్గరికి వచ్చేసరికి దాక్కోవడమెందుకు? తాగాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. దాక్కోవాల్సిన అవసరం మాత్రం లేదని నాకనిపించింది.

షర్బత్ గ్లాసులు నేనే పళ్ళెంలో పెట్టి పంచాను. మా మరిదికి ఇచ్చినప్పుడు అతను పుదీనా చూశాడు, నా మొహం చూశాడు, తీసుకున్నాడు. వంటింటి గుమ్మంలో మా తోడికోడలు గారెల పిండి చేతితోనే నిలబడి చూస్తోంది.

అరగంట కాగానే నేను అనుకున్న మాట రానే వచ్చింది. మా ఆయనకు పెదనాన్న కొడుకు, మనిషి మంచివాడే, రెండో మూత పడ్డాక గొంతు పెరుగుతుంది. "ఏందిరా తమ్మీ, అమెరికా మందు ఇడిసిపెడుతున్నవు? పండుగ నాడు ఒక్కటి తాగితే ఏం గాదు" అన్నాడు. మెక్సికో మందని ఎవరూ సరిదిద్దలేదు. వసారా అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. లోపల నూనె చిటపటలు మాత్రం వినిపిస్తున్నాయి.

మా మరిది గ్లాసు పైకెత్తాడు. "నా చేతిల ఉన్నది కనవడ్తలేదా అన్నా? ఇది నాకు రెండోది" అన్నాడు. పెద్దాయన గ్లాసు వైపు చూసి, "ఓ, గట్లనా" అని వరి కోతల సంగతి అందుకున్నాడు. అంతే. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పలేదు, ఆస్పత్రి మాట రాలేదు, ఎవరి మొహమూ వాడలేదు. లోపల మా తోడికోడలు గారె తిప్పడం మొదలుపెట్టింది. మాడిపోయిన ఆ ఒక్క గారె మేమిద్దరం చెరిసగం తిన్నాం.

మధ్యాహ్నం బగారన్నం, మటన్, బోటి కూర అందరం ఒకేసారి కూర్చొని తిన్నాం. మామూలుగా మగవాళ్ళు తాగి లేచేసరికి నాలుగవుతుంది, మనం తినేసరికి ఐదు. ఈసారి రెండింటికే పళ్ళేలు పడ్డాయి. గ్లాసులు మా ఆయన, పెదనాన్న కొడుకు కలిసి బోరింగు దగ్గర కడిగారు. ఒకటి పగిలింది, పోనీ. సాయంత్రం జమ్మి పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకున్నప్పుడు మా తోడికోడలు నన్ను కొంచెం ఎక్కువసేపు పట్టుకుంది. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన ఇళ్ళలో పండుగ మందు గురించి రెండే దారులున్నట్టు మాట్లాడతాం. అయితే పూర్తిగా బంద్ చెయ్యాలి, లేదంటే మగవాళ్ళకు వదిలేసి మనం బోటి వేయిస్తూ కూర్చోవాలి. తాగుడు ఇల్లు ముంచుతున్న చోట మొదటిదే సరైంది, అక్కడ మరో మాట లేదు. మిగతా ఇళ్ళలో మాత్రం మూడో దారి మన చేతిలోనే ఉంది. తాగనివాళ్ళ కోసం ముందు చెయ్యండి, తాగేవాళ్ళ కోసం తర్వాత. మర్యాదంటే మందు పొయ్యడం కాదు, వచ్చిన మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టడం. "ఎందుకు తాగుతలేవు" అన్న ప్రశ్న మీ గడప లోపల ఎవరినీ అడగనియ్యకండి. మానేసిన మనిషికి అదే పెద్ద పరీక్ష, కడుపుతో ఉండి ఇంకా ఎవరికీ చెప్పని కోడలికి కూడా అదే.

ఆ మెస్కాల్ సీసాలో సగం ఇంకా మా బీరువాలోనే ఉంది, తాళం నా కొంగున. సంక్రాంతికి మళ్ళీ అందరం కలిశాం. సీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. మా మరిది మాత్రం వస్తూ వస్తూ శంకర్‌పల్లి నుంచి రెండు కట్టల పుదీనా తెచ్చాడు.